మావెన్ ప్రాజెక్టులో టెస్టులు వాటంతట అవే నడిచేలా ష్యూర్‌ఫైర్, ఫెయిల్‌సేఫ్ అమర్చుకునే పద్ధతి

టెర్మినల్లో పచ్చటి అక్షరాలతో «బిల్డ్ సక్సెస్» అని వస్తుంది. కొంచెం పైకి జరిపి చూస్తే «టెస్ట్స్ రన్: 0» అని ఉంటుంది. రాసిన నలభై టెస్టుల్లో ఒక్కటీ నడవలేదు, జావా కోడ్‌ను బిల్డ్ చేసే మావెన్ మాత్రం ఎక్కడా ఆగలేదు. వరంగల్, హన్మకొండ, కరీంనగర్ కాలేజీల ఫైనలియర్ ప్రాజెక్టుల్లోనూ, మడికొండ ఐటీ పార్కులో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ల చేతికొచ్చే పాత కోడ్‌లోనూ ఎదురయ్యే చిక్కే ఇది. రాసిన ప్రతి టెస్టూ ప్రతి బిల్డ్‌లో నడవాలి. ఒక్కటి ఫెయిలైనా బిల్డ్ ఆగాలి. టెస్టులే దొరక్కపోయినా బిల్డ్ ఆగాలి. మావెన్‌లో టెస్టులు నడిపే ష్యూర్‌ఫైర్, ఫెయిల్‌సేఫ్ ప్లగిన్లను ఈ మూడు కుదిరేలా అమర్చుకోవాలి.

ఉదాహరణకు ఒక చిన్న ప్రాజెక్టు అనుకుందాం. ఏనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన రైతుకు ఇచ్చే తక్‌పట్టీ (అమ్మకపు బిల్లు) లెక్క వేసే ప్రోగ్రాం. బస్తాల తూకం, తరుగు, క్వింటాల్ ధర, హమాలీ ఖర్చు తీసుకుని రైతు చేతికి వచ్చే సొమ్ము చెప్పాలి. 17.35 క్వింటాళ్లు, క్వింటాలుకు 14,500 రూపాయలు అయితే ఖర్చులు తీయకముందు 2,51,575 రావాలి. ఇక్కడ దశాంశం తప్పితే నష్టపోయేది రైతు. అందుకే టెస్టులు నడిచాయో లేదో కళ్లారా చూసుకోవాలి.

ఒక మాట: ట్యాగులు, కమాండ్ల పేర్లను ఇక్కడ పలికినట్టు రాశాం. ప్రాజెక్టు సెట్టింగులుండే పోమ్ ఫైల్లో ట్యాగులను ఇంగ్లిష్‌లో, మధ్యలో ఖాళీ లేకుండా, రెండో పదం నుంచి మొదటి అక్షరం పెద్దదిగా టైప్ చేయాలి; ఆర్టిఫాక్ట్ ఐడిలు, గోల్స్, ఫేజ్‌ల పేర్లను మాత్రం చిన్న అక్షరాల్లో, మధ్యలో హైఫన్లతో. ఎడిటర్ ఆటో కంప్లీట్ చూపిస్తుంది, దాన్నే నమ్మండి.

ముందుగా వెర్షన్లు

«ఎంవిఎన్ మైనస్ వి» కొట్టండి. మావెన్ వెర్షన్, జావా వెర్షన్, కింద డిఫాల్ట్ లొకేల్, ప్లాట్‌ఫామ్ ఎన్‌కోడింగ్ వస్తాయి. నాలుగూ నోట్ చేసుకోండి, నాలుగింటితోనూ పని ఉంది.

పోమ్‌లో ష్యూర్‌ఫైర్ వెర్షన్ రాయకపోతే మావెన్ తన దగ్గరున్న డిఫాల్ట్ తీసుకుంటుంది. మావెన్ 3.8లో ఆ డిఫాల్ట్ 2.12.4. జావా టెస్టులు రాసే లైబ్రరీ జేయూనిట్ 5 వచ్చింది 2017లో, దాన్ని ష్యూర్‌ఫైర్ నేరుగా అర్థం చేసుకోవడం మొదలైంది 2018లో వచ్చిన 2.22.0 నుంచి. కాబట్టి పాత మావెన్‌తో జేయూనిట్ 5 టెస్టులు రాస్తే ష్యూర్‌ఫైర్ వాటిని టెస్టులుగా గుర్తించదు, సున్నా నడిచాయని చెప్పి ముందుకు పోతుంది. మావెన్ 3.9లో డిఫాల్ట్ 3 సిరీస్‌కు మారింది. మీ ల్యాప్‌టాప్‌లో 3.9, ల్యాబ్ సిస్టంలో 3.8 ఉంటే ఒకే కోడ్ ఒకచోట నలభై టెస్టులు నడుపుతుంది, ఇంకోచోట సున్నా. ప్లగిన్ వెర్షన్ పోమ్‌లో రాసి పెట్టడమే దీనికి మందు.

డిపెండెన్సీల్లో «జేయూనిట్ జుపిటర్» పెట్టండి. గ్రూప్ ఐడి «ఓఆర్‌జి డాట్ జేయూనిట్ డాట్ జుపిటర్», వెర్షన్ 5.10.2, స్కోప్ టెస్ట్. ఏపీఐ, ఇంజిన్, పారామ్స్ మూడింటినీ అదొక్కటే తెస్తుంది, విడివిడిగా రాయనక్కర్లేదు.

ష్యూర్‌ఫైర్

బిల్డ్ ట్యాగ్ లోపల ప్లగిన్స్, దాని లోపల ప్లగిన్. ఆర్టిఫాక్ట్ ఐడి «మావెన్ ష్యూర్‌ఫైర్ ప్లగిన్», మధ్యలో హైఫన్లతో. వెర్షన్ 3.5.2. జార్ ప్యాకేజింగ్ ఉన్న ప్రాజెక్టులో ఇది బిల్డ్‌లోని టెస్ట్ ఫేజ్ (దశ)తో మొదటి నుంచే ముడిపడి ఉంటుంది, ఎగ్జిక్యూషన్ రాయక్కర్లేదు. కాన్ఫిగరేషన్ ట్యాగ్‌లో మొదట రాయాల్సింది «ఫెయిల్ ఇఫ్ నో టెస్ట్స్», విలువ ట్రూ. డిఫాల్ట్ ఫాల్స్ కాబట్టే సున్నా టెస్టులున్నా బిల్డ్ పాసవుతోంది. ట్రూ పెడితే «నో టెస్ట్స్ వర్ ఎగ్జిక్యూటెడ్» అని ఎర్రగా ఆగుతుంది. మల్టీ మాడ్యూల్ ప్రాజెక్టులో టెస్టులు అవసరం లేని మాడ్యూల్ ఒకటి ఉంటే, ఆ ఒక్కదాని పోమ్‌లో ఫాల్స్ పెట్టండి. పేరెంట్‌లో సడలించవద్దు.

ఏ క్లాస్‌ను టెస్టుగా తీసుకోవాలన్నది ష్యూర్‌ఫైర్ ఫైల్ పేరు చూసి తేల్చుకుంటుంది. పేరు «టెస్ట్» అని మొదలవ్వాలి, లేదా «టెస్ట్», «టెస్ట్స్», «టెస్ట్‌కేస్» అని ముగియాలి. పెద్ద చిన్న అక్షరాల తేడా లెక్కలోకి వస్తుంది. «తక్‌పట్టీటెస్ట్» నడుస్తుంది. «తక్‌పట్టీటెస్టింగ్» నడవదు. «చెక్‌తరుగు» నడవదు. చివరి «టెస్ట్»లో మొదటి టీ చిన్న అక్షరమైతే ఆ క్లాస్ కూడా నడవదు. ఇంటెల్లిజే, ఎక్లిప్స్ లాంటి ఐడీఈలు (కోడ్ రాసే ఎడిటర్లు) మాత్రం పేరు పట్టించుకోకుండా అనొటేషన్ చూసి అన్నీ నడిపిస్తాయి. ఐడీఈలో అన్నీ పచ్చగా ఉన్నాయి, మావెన్‌లో కొన్ని కనపడటం లేదంటే మొదట పేర్లే చూడండి. ఇన్‌క్లూడ్స్ ట్యాగ్‌లో సొంత ప్యాటర్న్ రాసుకునే వీలుంది. కానీ అది రాయగానే డిఫాల్ట్ ప్యాటర్న్లన్నీ పోతాయి, మీరు రాసిందే మిగులుతుంది. పేర్లు మార్చుకోవడమే మేలు.

టెస్టులు చప్పుడు లేకుండా జారిపోయే ఇంకో దారి ఇంపోర్ట్. టెస్ట్ అనొటేషన్ రెండు చోట్ల ఉంది: జేయూనిట్ 4ది «ఓఆర్‌జి డాట్ జేయూనిట్ డాట్ టెస్ట్», 5ది «ఓఆర్‌జి డాట్ జేయూనిట్ డాట్ జుపిటర్ డాట్ ఏపీఐ డాట్ టెస్ట్». ఐడీఈ చూపించిన మొదటి సూచన మీద ఎంటర్ కొడితే పాతది రావచ్చు. క్లాస్‌పాత్‌లో రెండూ ఉంటే కంపైల్ అవుతుంది, జుపిటర్ ఇంజిన్ మాత్రం ఆ మెథడ్‌ను ముట్టుకోదు. పాత టెస్టులు నిజంగానే ఉంచుకోవాలంటే «జేయూనిట్ వింటేజ్ ఇంజిన్» డిపెండెన్సీ కలపండి. లేదంటే జేయూనిట్ 4ను పూర్తిగా తీసేయండి. అప్పుడు తప్పు ఇంపోర్ట్ కంపైల్ దగ్గరే పట్టుబడుతుంది. వేరే లైబ్రరీ వెంట అది తిరిగి వస్తోందేమో «ఎంవిఎన్ డిపెండెన్సీ కోలన్ ట్రీ»తో చూడొచ్చు.

ఫెయిల్‌సేఫ్: డేటాబేస్, సర్వర్ కావాల్సిన టెస్టులకు

తరుగు లెక్కకు డేటాబేస్ అక్కర్లేదు. తక్‌పట్టీ సేవ్ అయ్యిందా, మళ్లీ తీస్తే అదే వస్తోందా అన్నదానికి కావాలి. అలాంటి ఇంటిగ్రేషన్ టెస్టుల కోసమే ఫెయిల్‌సేఫ్. క్లాస్ పేరు «ఐటీ» అని మొదలవ్వాలి, లేదా «ఐటీ», «ఐటీకేస్» అని ముగియాలి. మావెన్‌లో వరుస ఇలా ఉంటుంది: టెస్ట్, ప్యాకేజ్, ప్రీ ఇంటిగ్రేషన్ టెస్ట్, ఇంటిగ్రేషన్ టెస్ట్, పోస్ట్ ఇంటిగ్రేషన్ టెస్ట్, వెరిఫై. సర్వర్ లేపడం ప్రీలో, ఆపడం పోస్ట్‌లో జరగాలి. టెస్టు ఫెయిలవ్వగానే బిల్డ్ ఆగిపోతే పోస్ట్ దాకా వెళ్లదు, లేపిన సర్వర్ పోర్ట్ పట్టుకుని అలాగే కూర్చుంటుంది. అందుకే ఫెయిల్‌సేఫ్ ఫెయిల్యూర్‌ను ఒక ఫైల్లో రాసుకుని ముందుకు నడుస్తుంది, సర్వర్ ఆగాక వెరిఫైలో ఆ ఫైల్ చదివి బిల్డ్ ఆపుతుంది.

అంటే గోల్స్ (ప్లగిన్ చేసే పనులు) రెండూ రాయాలి. ప్లగిన్స్‌లో «మావెన్ ఫెయిల్‌సేఫ్ ప్లగిన్», ష్యూర్‌ఫైర్‌కు ఇచ్చిన వెర్షనే. దాంట్లో ఎగ్జిక్యూషన్స్, ఎగ్జిక్యూషన్, గోల్స్. గోల్స్‌లో ఒకటి «ఇంటిగ్రేషన్ టెస్ట్», రెండోది «వెరిఫై». రెండోది మర్చిపోతే ఫెయిలైన టెస్టులు లాగ్‌లో ఎర్రగా కనిపిస్తాయి, కింద బిల్డ్ సక్సెస్ అనే వస్తుంది. ఈ తప్పు దొరకడం కష్టం, ఎందుకంటే టెస్టులు నడుస్తూనే ఉంటాయి. నడిపించే కమాండ్ ఎప్పుడూ «ఎంవిఎన్ వెరిఫై» అయి ఉండాలి, «ఎంవిఎన్ ఇంటిగ్రేషన్ టెస్ట్» కాదు. అక్కడితో ఆపితే పోస్ట్ ఫేజూ లేదు, తీర్పూ లేదు.

మల్టీ మాడ్యూల్ వాళ్లకు ఒక హెచ్చరిక. పేరెంట్ పోమ్‌లో ప్లగిన్ మేనేజ్‌మెంట్ కింద రాసింది సెట్టింగ్ మాత్రమే. ష్యూర్‌ఫైర్ ఎలాగూ జార్‌కు ముడిపడి ఉంది కాబట్టి పిల్ల మాడ్యూళ్లలో ఆ సెట్టింగ్ అమలవుతుంది. ఫెయిల్‌సేఫ్‌కు అలాంటి ముడి లేదు. ప్లగిన్స్ కింద కూడా దాని పేరు రాస్తేనే నడుస్తుంది.

స్ప్రింగ్ బూట్ వాడుతూ దాని స్టార్టర్ పేరెంట్‌ను తీసుకోకపోతే ఫెయిల్‌సేఫ్‌లో «క్లాస్ నాట్ ఫౌండ్» రావచ్చు. ప్యాకేజ్ ఫేజ్‌లో బూట్ జార్‌ను తిరిగి కట్టి క్లాసులను లోపలి ఫోల్డర్‌లోకి నెట్టేస్తుంది, ఫెయిల్‌సేఫ్ వెతికేది ఆ జార్‌లోనే. కాన్ఫిగరేషన్‌లో «క్లాసెస్ డైరెక్టరీ»కి ప్రాజెక్ట్ అవుట్‌పుట్ డైరెక్టరీ ఇస్తే సరిపోతుంది. స్టార్టర్ పేరెంట్ ఉంటే అది ముందే అమర్చి ఉంటుంది.

తెలుగు అక్షరాలు, టైమ్ జోన్

తక్‌పట్టీ మీద «చపాటా», «తేజ» అని మిర్చి రకాల పేర్లు తెలుగులో రావాలి. ఇక్కడ రెండు వేర్వేరు తప్పులున్నాయి, చాలామంది ఒకటిగా కలిపేస్తారు.

మొదటిది కంపైల్ దగ్గర. ప్రాపర్టీస్‌లో «ప్రాజెక్ట్ డాట్ బిల్డ్ డాట్ సోర్స్ ఎన్‌కోడింగ్» యూటీఎఫ్-8 అని రాయకపోతే మావెన్ సిస్టం ఎన్‌కోడింగ్ తీసుకుంటుంది. మీ ఎంవిఎన్ మైనస్ వి కింద సీపీ1252 కనిపిస్తే అదే. అప్పుడు «ప్లాట్‌ఫామ్ డిపెండెంట్» అని వార్నింగ్ ఇస్తుంది, చాలామంది చదవరు. దీంట్లో ప్రమాదం ఏమిటంటే కోడ్‌లో ఉన్న మాట, టెస్టులో ఎదురుచూసే మాట రెండూ ఒకే తీరుగా పాడవుతాయి, కాబట్టి సమానంగానే ఉండి టెస్టు పాసవుతుంది. బిల్లు ప్రింట్ తీస్తే పిచ్చి అక్షరాలు.

రెండోది నడిచేటప్పుడు. జావా 17, అంతకు ముందువి ఫైల్ చదివేటప్పుడు ఎన్‌కోడింగ్ చెప్పకపోతే సిస్టందే వాడతాయి. 2022లో వచ్చిన జావా 18 నుంచి డిఫాల్ట్ యూటీఎఫ్-8. పాత జావా మీద ఉన్నవాళ్లు ష్యూర్‌ఫైర్, ఫెయిల్‌సేఫ్ రెండింటి «ఆర్గ్‌లైన్»లోనూ (జావాను నడిపే జేవీఎంకు ఇచ్చే ఆప్షన్లు) ఫైల్ డాట్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఇవ్వాలి. దీన్ని «సిస్టం ప్రాపర్టీ వేరియబుల్స్»లో పెడితే లాభం లేదు. జేవీఎం లేచేటప్పుడే ఆ విలువ చదివేసుకుంటుంది, ఆ వేరియబుల్స్ లేచాక పెట్టేవి. టెస్టుల వరకు ఇది చాలు, అసలు కోడ్‌లో మాత్రం ఫైల్ తెరిచే ప్రతిచోటా యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాయండి.

ఎన్‌కోడింగ్ అంతా సరిగ్గా ఉండి కూడా రెండు మాటలు సమానం కావని టెస్టు మొండికేస్తే, లాగ్‌లో రెండూ అచ్చం ఒకేలా కనిపిస్తుంటే, కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉందేమో చూడండి. «తక్‌పట్టీ»లో క తర్వాత పొల్లు నిలవాలంటే అది కావాలి. ఒక కీబోర్డ్ అది పెడుతుంది, ఇంకోటి పెట్టదు. నార్మలైజర్ దాన్ని తీసేయదు. పోల్చే ముందు యు+200సి ని మీరే తీసేయాలి.

టైమ్ జోన్ సంగతి. మీ సిస్టం భారత సమయంలో ఉంటుంది, కోడ్ పుష్ చేసినప్పుడల్లా బిల్డ్ నడిపే సీఐ సర్వర్ సాధారణంగా యూటీసీలో. రాత్రి 12 నుంచి పొద్దున 5:30 మధ్య నడిచిన టెస్టుకు అక్కడ నిన్నటి తేదీ వస్తుంది. తక్‌పట్టీ తేదీని పోల్చే టెస్టు పగలు పాస్, రాత్రి ఫెయిల్. ఆర్గ్‌లైన్‌లోనే యూజర్ డాట్ టైమ్‌జోన్ «ఏసియా స్లాష్ కోల్‌కతా» ఇవ్వండి. ఇంకా గట్టి పద్ధతి, కోడ్‌కు క్లాక్ ఆబ్జెక్ట్‌ను బయటి నుంచి ఇచ్చి టెస్టులో ఫిక్స్‌డ్ క్లాక్ వాడటం.

లొకేల్ ఇండియా అని పెడితే లక్షల కామాలు వాటంతట అవే వస్తాయనుకోకండి. జావా డెసిమల్ ఫార్మాట్‌కు ఒకే గుంపు కొలత తెలుసు, 251,575 అనే ఇస్తుంది. 2,51,575 కావాలంటే ఐసీయూ ఫర్ జే లైబ్రరీ వాడాలి.

జాకోకోతో కలిస్తే వచ్చే చిక్కు

కవరేజ్ (టెస్టులు కోడ్‌లో ఎంత భాగాన్ని తాకాయో) కోసం జాకోకో ప్లగిన్ పెట్టేవాళ్లు «ప్రిపేర్ ఏజెంట్» గోల్ రాస్తారు. అది చేసే పని ఆర్గ్‌లైన్ అనే ప్రాపర్టీలో తన ఏజెంట్ దారి రాయడమే. పైన చెప్పినట్టు మీరు ష్యూర్‌ఫైర్ కాన్ఫిగరేషన్‌లో ఆర్గ్‌లైన్ నేరుగా రాస్తే, జాకోకో రాసింది కొట్టుకుపోతుంది. టెస్టులు నడుస్తాయి, «మిస్సింగ్ ఎగ్జిక్యూషన్ డేటా ఫైల్» అని చెప్పి రిపోర్టు రాదు. మీ ఆర్గ్‌లైన్ మొదట్లో ఎట్ గుర్తు, వెంటనే ఫ్లవర్ బ్రాకెట్లలో ఆర్గ్‌లైన్ అని రాసి, ఖాళీ ఇచ్చి మీ ఆప్షన్లు రాయండి. డాలర్ గుర్తు వద్దు. డాలర్ అయితే మావెన్ పోమ్ చదివేటప్పుడే విలువ నింపుతుంది, అప్పటికి జాకోకో ఇంకా నడిచి ఉండదు. ఎట్ గుర్తు అయితే టెస్టులు మొదలయ్యే క్షణంలో ష్యూర్‌ఫైర్ నింపుతుంది. జాకోకో లేకుండా నడిపినప్పుడు జేవీఎం తెలియని ఆప్షన్ అని మొరాయించకుండా, ప్రాపర్టీస్‌లో ఖాళీ ఆర్గ్‌లైన్ ఒకటి పెట్టుకోండి.

ఫోర్కులు, మెమరీ, నడుమ ఆగిపోవడం

ష్యూర్‌ఫైర్ టెస్టుల కోసం వేరే జేవీఎం లేపుతుంది, దాన్నే ఫోర్క్ అంటారు. «ఫోర్క్ కౌంట్» డిఫాల్ట్ 1. వేగం కోసం 1సి అని రాస్తే కోర్‌కు ఒకటి చొప్పున లేస్తాయి. హీప్ (జేవీఎం వాడే మెమరీ) ఎంతో చెప్పకపోతే ప్రతి జేవీఎం సిస్టం ర్యామ్‌లో నాలుగో వంతు దాకా పెరగొచ్చు. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో 4 ఫోర్కులంటే కాగితం మీదే 8 జీబీ. మావెన్, ఐడీఈ, బ్రౌజర్ ఇంకా ఉన్నాయి. చిన్న ప్రాజెక్టులకు ఒక ఫోర్కే చాలు. పెంచాలంటే ఆర్గ్‌లైన్‌లో ఎక్స్ఎంఎక్స్ 512ఎం పెట్టి పెంచండి. ఫోర్కులు ఒకే పోర్ట్ కోసం కొట్టుకోకుండా «ష్యూర్‌ఫైర్ డాట్ ఫోర్క్ నంబర్»ను పోర్ట్ నంబరుకు కలుపుకోవచ్చు. ష్యూర్‌ఫైర్‌లోని «ప్యారలల్» సెట్టింగ్ జేయూనిట్ 4, టెస్ట్ ఎన్‌జీలది. జుపిటర్‌కు దానితో పని లేదు, జేయూనిట్ ప్లాట్‌ఫామ్ ప్రాపర్టీస్ ఫైల్లో విడిగా ఆన్ చేయాలి.

«ది ఫోర్క్‌డ్ వీఎం టెర్మినేటెడ్ వితౌట్ ప్రాపర్లీ సేయింగ్ గుడ్‌బై» అని వస్తే సాధారణంగా మూడు కారణాలు. కోడ్‌లో ఎక్కడో సిస్టం డాట్ ఎగ్జిట్ ఉంది. ఆర్గ్‌లైన్‌లో ఆప్షన్ తప్పుగా రాశారు. లేదా మెమరీ చాలక ఆపరేటింగ్ సిస్టం జేవీఎంను చంపేసింది, లినక్స్ కంటైనర్లలో అప్పుడు ఎగ్జిట్ కోడ్ 137 వస్తుంది. టార్గెట్ కింద ష్యూర్‌ఫైర్ రిపోర్ట్స్ ఫోల్డర్లో డంప్ స్ట్రీమ్ అని ముగిసే ఫైల్ ఉంటే దాన్ని తెరవండి, అసలు మాట అందులోనే ఉంటుంది. టెస్టు ఒకటి ఇరుక్కుని గంటలు గడిచే ముప్పు ఉంటే «ఫోర్క్‌డ్ ప్రాసెస్ టైమ్‌అవుట్ ఇన్ సెకండ్స్» 600 పెట్టండి. డిఫాల్ట్ సున్నా, అంటే ఎంతసేపైనా ఆగుతుంది.

టెస్టులను దాటేసే స్విచ్చులు

«స్కిప్ టెస్ట్స్» టెస్టులను కంపైల్ చేస్తుంది, నడపదు. «మావెన్ డాట్ టెస్ట్ డాట్ స్కిప్» కంపైల్ కూడా చేయదు. «స్కిప్ ఐటీస్» ఇంటిగ్రేషన్ టెస్టులను మాత్రమే వదిలేస్తుంది, రోజువారీ పనికి ఇది చాలు. ఇవన్నీ కమాండ్‌లో మైనస్ డితో ఇవ్వాలి, పోమ్‌లో రాసి కమిట్ చేయకూడదు. «టెస్ట్ ఫెయిల్యూర్ ఇగ్నోర్» ట్రూ అని పోమ్‌లో కనిపిస్తే వెంటనే తీసేయండి. ఒక్క టెస్టే కావాలంటే మైనస్ డి టెస్ట్ ఈక్వల్ టు క్లాస్ పేరు, హాష్, మెథడ్ పేరు.

సీఐలో

గిట్‌హబ్ యాక్షన్స్‌లో ముఖ్యమైన స్టెప్పులు మూడే: చెకౌట్, సెటప్ జావా (డిస్ట్రిబ్యూషన్ టెమురిన్, వెర్షన్ 17, క్యాష్ మావెన్), ఆ తర్వాత మావెన్ రాపర్ (ప్రాజెక్టులోనే ఉండే మావెన్ స్క్రిప్ట్)తో మైనస్ బి వెరిఫై. విండోస్ నుంచి కమిట్ చేసిన రాపర్ ఫైలుకు లినక్స్‌లో ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉండదు, «పర్మిషన్ డినైడ్» వస్తుంది. «గిట్ అప్‌డేట్ ఇండెక్స్»కు సీహెచ్‌మోడ్ ప్లస్ ఎక్స్ ఇచ్చి కమిట్ చేస్తే పోతుంది. రిపోర్టులు అప్‌లోడ్ చేసే స్టెప్పుకు ఇఫ్ ఆల్వేస్ కండిషన్ పెట్టండి, లేకపోతే అవి అవసరమైన రోజే, అంటే టెస్టు ఫెయిలైన రోజే అప్‌లోడ్ కావు.

హాస్టల్లో నెట్ ఉండి ఉండనట్టుగా ఉంటే ఒకటి గుర్తుంచుకోండి. «డిపెండెన్సీ గో ఆఫ్‌లైన్» అన్నీ దించుతుందనుకుంటారు, ష్యూర్‌ఫైర్ నడిచేటప్పుడు వెతుక్కునే జేయూనిట్ ప్రొవైడర్‌ను అది దించదు. నెట్ ఉన్నప్పుడు ఒకసారి పూర్తిగా వెరిఫై నడపండి, ఆ తర్వాత మైనస్ ఓ (ఆఫ్‌లైన్) పనిచేస్తుంది.

మావెన్ బదులు గ్రేడిల్ వాడేవాళ్లకు: టెస్ట్ బ్లాక్‌లో «యూజ్ జేయూనిట్ ప్లాట్‌ఫామ్» రాయాలి, గ్రేడిల్ 9లో జేయూనిట్ ప్లాట్‌ఫామ్ లాంచర్‌ను టెస్ట్ రన్‌టైమ్ ఓన్లీలో మీరే చేర్చాలి. «అప్ టు డేట్» అని వస్తే టెస్టులు మళ్లీ నడవలేదని అర్థం.

అమరిక పనిచేస్తోందో లేదో చూసే పద్ధతి

కొత్త బ్రాంచ్ తీయండి. తక్‌పట్టీటెస్ట్‌లో 251575ను 251576 చేసి వెరిఫై నడపండి, టెస్ట్ ఫేజ్ దగ్గర ఆగాలి. దాన్ని సరిచేసి, ఐటీ క్లాస్‌లో ఒక అసర్ట్ తిరగేయండి. ఈసారి ఇంటిగ్రేషన్ టెస్ట్ దాటి వెరిఫై దగ్గర ఆగాలి, లేపిన సర్వర్ కూడా ఆగిపోయి ఉండాలి. అదీ సరిచేసి, టెస్ట్ ఫోల్డర్ పేరు తాత్కాలికంగా మార్చి «ఎంవిఎన్ క్లీన్ వెరిఫై» నడపండి (క్లీన్ లేకపోతే టార్గెట్‌లో మిగిలిన పాత క్లాసులే నడుస్తాయి), టెస్టులు లేవని ఆగాలి. ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా పుష్ చేసి సీఐలోనూ ఎర్రగా వస్తోందా చూడండి. ఎక్కడైనా పచ్చగా వచ్చిందంటే ఆ ఫేజ్ ప్లగిన్ అమరికలోనే లోపం ఉంది. మూడూ ఎర్రగా వచ్చాక బ్రాంచ్ తీసేసి, మెయిన్ బ్రాంచ్ సెట్టింగ్స్‌లో ఆ చెక్ పాసవ్వకుండా మెర్జ్ కాకూడదని పెట్టండి.